గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో కోళ్లు పెంచవచ్చా?

బ్రాడీపేట పెరడు:
మాది గుంటూరు బ్రాడీపేటలో పాత పెంకుటిల్లు. వెనక ఉన్న కాస్త పెరటిలో ఐదు పెట్టలు, ఒక పుంజు పెంచుతున్నాను. మొన్న పక్కింటి ఆవిడ గోడ దగ్గరకు వచ్చి, "అన్నయ్యగారూ, మా వారు డ్యూటీ దిగి వచ్చేసరికి రాత్రి రెండవుతుంది. నాలుగు కాకముందే మీ పుంజు లేపేస్తోంది" అన్నారు. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. అప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. పల్లెలో పుట్టినవాణ్ణి, కోడి కూత ఎవరికైనా బాధ అవుతుందని ఎన్నడూ అనుకోలేదు. పుంజును తీసేస్తే సరిపోతుందా, లేక పట్నంలో కోళ్లు పెంచడమే తప్పా?

రాత్రి నర్సు, విజయవాడ:
తప్పే అంటాను. పన్నెండు గంటలు వార్డులో నిలబడి వచ్చిన మనిషికి నిద్ర ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచీ ఉన్నాయి. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ దాటకూడదు. మా వెనకింటి పుంజుకు ఆ లెక్క తెలియదు సరే, పెంచేవారికైనా తెలియాలి కదా. పైగా వాన పడిన మర్నాడు ఆ రెట్టల కంపుకు వంటింటి కిటికీ తెరవలేము.

పటమట గంప:
నర్సుగారి బాధ నిజం. కానీ ఆ బాధ పుంజుతోనూ తడితోనూ వచ్చింది, పెట్టలతో కాదు. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అవసరమే లేదు. గుడ్డు పెట్టాక కాసేపు అరుస్తుంది, అదీ పగటి పూటే.

ఇక కంపు సంగతి. రెట్ట ఎండితే వాసన దాదాపు ఉండదు, తడిస్తేనే అమ్మోనియా లేచి ముక్కు మండుతుంది. నేను గూటిలో నాలుగు వేళ్ల మందాన వరిపొట్టు పరుస్తాను. రెండు రోజులకోసారి కర్రతో తిరగేస్తాను. నీళ్ల తొట్టి చుట్టూ ఉన్న పొట్టు ముందు ముద్దవుతుంది. దాన్ని పిడికిలిలో నొక్కి చూస్తాను, ఉండ కడితే అక్కడి వరకు తీసేసి కొత్తది వేస్తాను. వానజల్లు పడే వైపు రేకు దించి కట్టాను. తీసిన పొట్టును మాగబెట్టి పక్కింటి వారి గులాబీ కుండీలకు ఇస్తాను. పచ్చి రెట్ట వేస్తే వేర్లు మాడిపోతాయి, కాబట్టి తొందరపడకూడదు.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు మా సందులో అందరూ భయపడ్డారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. కాకులు మేతలోకి దిగకుండా వల కట్టాను, చాలాకాలం బయటి నుంచి ఒక్క కోడినీ తేలేదు.

గోరంట్ల రైతుబిడ్డ:
పుంజు లేని గూడు ఏం గూడండీ? పిల్లలు ఎక్కడి నుంచి వస్తాయి? తెల్లవార్లూ మైకులు మోగినా ఎవరూ నోరెత్తరు, కోడి గొంతు ఒక్కటే బరువైందా? రాత్రి గంప మూసి గోనెసంచి కప్పండి, వెలుగు తగలకపోతే కూయదు.

పటమట గంప:
కప్పి చూశాను, కొంతే తగ్గింది. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వారు 2013లో తేల్చింది కూడా అదే: పుంజుకు లోపలే ఒక గడియారం ఉంటుంది, వెలుగు రాకముందే కూస్తుంది. మన ఎండల్లో గాలి ఆడకుండా గోనె కప్పడం ప్రాణం మీదికి తెస్తుంది, కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దాని దారి. పిల్లలు కావాలంటే పల్లె నుంచి పుంజున్న మంద గుడ్లు తెచ్చి, పొదుగుకు వచ్చిన పెట్ట కింద పెట్టండి. 21 రోజులకు పిల్లలవుతాయి. మైకు తప్పయితే దాన్నీ అడుగుదాం, దాన్ని చూపించి పక్కవారి నిద్ర చెడగొట్టలేం.

రాత్రి నర్సు, విజయవాడ:
ఇలా పెంచేవారు పక్కన ఉంటే నాకు అభ్యంతరం లేదు. "తప్పే" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, పుంజు విషయంలో తప్ప.

బ్రాడీపేట పెరడు:
ఆదివారం పుంజును మా బావమరిది ఊరికి పంపించాను. నా చేతుల్లో పెరిగిన పిల్ల అది, బాధ కలిగింది. సాయంత్రం పక్కింటికి వెళ్లి, ఇంకేమైనా ఇబ్బంది ఉందా అని అడిగాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి ఎలుకలు అన్నారు. రాత్రిళ్లు నేను గూటిలోనే వదిలేసే నూకల గిన్నె గుర్తుకొచ్చింది. ఇప్పుడు చీకటి పడగానే గిన్నె ఎత్తేసి, నూకలు మూత ఉన్న డబ్బాలో పోస్తున్నాను. గుంటూరులో వరిపొట్టు చిన్న బస్తాల్లో ఎక్కడ ఇస్తారో తెలిసినవారు చెప్పగలరు.