తడి ఇసుక మీద పలక ఎందుకు తేలిగ్గా జారడం లేదు?

ఈజిప్టులో దెయిర్ ఎల్-బెర్షా దగ్గర జెహుతిహోతెప్ సమాధిలో ఒక చిత్రం ఉంది. చక్రాల్లేని చెక్క బండి మీద పెద్ద విగ్రహాన్ని లాగుతుంటే, ఒకతను ముందు నిలబడి ఇసుక మీద నీళ్లు పోస్తుంటాడు. పిరమిడ్ రాళ్లనూ ఇలాగే తరలించి ఉంటారని చాలామంది అంటారు. సరిగ్గా తడిపితే లాగే బలం దాదాపు సగానికి తగ్గుతుందని 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం ప్రయోగంలో తేలింది.

అదే నేను ఇంట్లో చేస్తుంటే రావడం లేదు. 60×30 సెంటీమీటర్ల ట్రేలో 5 సెంటీమీటర్ల లోతున నది ఇసుక పోశాను, అంటే 9 లీటర్లు. అడుగు భాగం నున్నగా ఉన్న చెక్కపలక, పైన పెట్టిన బరువుతో కలిపి 2 కిలోలు. స్ప్రింగ్ త్రాసుతో లాగితే పొడి ఇసుకలో 1.2 కిలోలు చూపించింది. 270 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 1.15, 450కి 1.3. 900 పోస్తే పలక అతుక్కుపోయి 1.5 దాటింది. ప్రతిదీ ఐదేసి సార్లు లాగి సగటు తీశాను. పలక ముందు అంచు గుండ్రంగా అరగదీశాను, ఇసుకను పిండి జల్లెడతో జల్లించాను. తేడా లేదు. నీళ్లు కలిపాక ఇసుకను చేత్తో చదును చేశానే గానీ దిమ్మిస కొట్టలేదు.

ఇలాంటి ప్రయోగం చేసినవాళ్లు చెప్పండి: తడిపిన ఇసుకను గట్టిగా అణచాకే పలక లాగాలా?