గిలటిన్ మరణశిక్షను మానవీయం చేసిందా?

చర్చాంశం: 1792లో ఫ్రాన్స్‌లో వాడుకలోకి వచ్చిన, తల నరికే యంత్రమైన గిలటిన్‌ను శిక్షా సంస్కరణగా పరిగణించవచ్చా?

చరిత్ర విద్యార్థి: నిస్సందేహంగా సంస్కరణే. 1789 నాటి ఫ్రెంచి విప్లవానికి ముందు అక్కడ కులీనులకు శిరచ్ఛేదం, సామాన్యులకు ఉరి, ఘోరనేరాలకు చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టడం అమలులో ఉండేవి. మనిషి చచ్చే తీరును కూడా పుట్టుకే నిర్ణయించేది. అంతస్తుతో నిమిత్తం లేకుండా ఒకే నేరానికి ఒకే శిక్ష ఉండాలని వైద్యుడు జోసెఫ్ గిలటిన్ 1789లో జాతీయ సభను కోరాడు. శస్త్రవైద్యుడు ఆంత్వాన్ లూయీ యంత్రాన్ని రూపొందించాడు. 1792 ఏప్రిల్ 25న ఒక దోపిడీదారుకు పడిన శిక్షే, 1793 జనవరి 21న పదహారో లూయీ రాజుకూ పడింది.

న్యాయవాది: సమానత్వం వరకు మీ మాట ఒప్పుకుంటాను. అయితే 1791 మే నెలలో మరణశిక్షను పూర్తిగా రద్దు చేయాలన్న వాదన అదే సభ ముందుకు వచ్చిందని, దాన్ని సమర్థించినవారిలో, తర్వాత వేలమందిని గిలటిన్‌కు పంపిన పాలనలో ప్రముఖుడైన రోబెస్పియరే స్వయంగా ఉన్నాడని మరచిపోకూడదు. సభ ఆ వాదనను తోసిపుచ్చి, చిత్రహింస లేకుండా తల నరికితే చాలునని చట్టం చేసింది. కనుక గిలటిన్‌ను పోల్చవలసింది పాత చక్రంతో కాదు, చేజారిన ఆ రద్దుతో. పైగా కత్తితో వరుసగా ఎందరినో నరకడం సాధ్యం కాదని తలారి సాన్సన్ 1792లోనే ప్రభుత్వానికి రాసి ఇచ్చాడు. మనిషి చేతికి ఉన్న ఆ హద్దును యంత్రం చెరిపివేసింది. నిందితులకు న్యాయవాదిని నిరాకరించిన 1794 జూన్ 10 నాటి చట్టం వచ్చాక, ఏడు వారాలలోపే పారిస్‌లో 1,300 మందికి పైగా గిలటిన్‌కు బలయ్యారు.

చరిత్ర విద్యార్థి: ఆ దోషం చట్టానిది, యంత్రానిది కాదు. నాంత్ నగరంలో విప్లవ ప్రభుత్వ ప్రతినిధి కారియే వందలాది ఖైదీలను లువార్ నదిలో ముంచి చంపించినప్పుడు ఏ యంత్రమూ అవసరం పడలేదు.

న్యాయవాది: నిజమే, చంపదలచిన ప్రభుత్వానికి నది అయినా చాలు. కానీ నాంత్ ఘాతుకం వెంటనే ఘాతుకంగానే కనిపించింది. కారియే అందుకు విచారణకు గురై తల పోగొట్టుకున్నాడు. క్షణంలో ముగిసే శిక్ష అలా కనిపించదు. 1939 జూన్‌లో వెర్సాయ్‌లో బహిరంగంగా అమలైన శిక్షను చూడవచ్చిన జనం ప్రవర్తన వల్ల అపకీర్తి వచ్చినప్పుడు ప్రభుత్వం శిక్షను మానలేదు, జైలు గోడల లోపలికి మార్చింది. మార్సెయ్‌లో 1977 సెప్టెంబరులోనూ ఆ కత్తి పడింది. న్యాయమంత్రి రోబెర్ బదంతేర్ పట్టుదలతో 1981 అక్టోబరు 9న రద్దు చట్టం వచ్చేదాకా, ఫ్రాన్స్ దానిని చట్టబద్ధమైన పనిముట్టుగానే ఉంచుకుంది.