నక్కవాగు పూడిక మట్టి పొలానికి తోలుకోవచ్చా?

సంగారెడ్డి జిల్లాలో నక్కవాగు పక్కన మాకు రెండెకరాలుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లు ఏళ్ల తరబడి ఈ వాగులోంచే మంజీరలోకి పోయాయి. ఇప్పుడు పైన నీళ్లు కాస్త తేటగానే ఉన్నాయి కానీ, అడుగు తవ్వితే మట్టి నల్లగా, మందు వాసన. మా నాన్నేమో పూడిక మట్టి బలం, పొలానికి తోలిద్దామంటాడు. నాకు టెన్షన్. ఆర్సెనిక్, సీసం, క్రోమియం లాంటివి సన్నటి బురదకు అంటుకుని ఉండిపోతాయి కదా. ప్రభుత్వం భూసార పరీక్ష చేసి ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డులో చూసే 12 అంశాల్లో ఇవేవీ లేవు. జింకు, రాగి ఉన్నా, పైరుకు సరిపోతాయా లేదా అనే చూస్తారు.

మట్టిలో ఆర్సెనిక్, సీసం లాంటివి ఉన్నాయా అని చూసే పరీక్ష ఎక్కడ చేయిస్తారు, ఖర్చెంత? నమూనా పైపొర నుంచి తీయాలా, లోతు నుంచా? ఇప్పటికే నాలుగు ట్రాక్టర్ల మట్టి గట్టు మీద పోయించాడాయన. వానలు పడకముందే తేల్చుకోవాలి, తెలిసినవాళ్లు చెప్పండి.