ప్రోస్టేట్ మాత్ర వేసుకుంటే లేవగానే కళ్లు ఎందుకు తిరుగుతాయి?

కృష్ణలంక అమ్మాయి:
మా నాన్నగారికి 66 ఏళ్లు. ప్రోస్టేట్ ఇబ్బందికి డాక్టర్ గారు ప్రజోసిన్ రాశారు. మొదటి రోజు రాత్రి మాత్ర వేసుకుని పడుకున్నారు, రెండింటప్పుడు బాత్రూంకని లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మి గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డారు, ఇంట్లో అందరం హడలిపోయాం. పొద్దున్నే ఫోన్ చేస్తే, నరాలు రక్తనాళాలను బిగించే పనిని ఈ మందు ఆపుతుంది, మొదటి డోసుకు ఇలా అవుతుంటుంది, మెల్లగా లేవమనండి అన్నారు. అసలు నరం రక్తనాళాన్ని ఎలా బిగిస్తుంది? ఆ పనే ఆగిపోతే మనిషి నిలబడగలడా?

ఫిజియాలజీ పీజీ, గుంటూరు:
మంచి ప్రశ్న అడిగారండి. మనం నిలబడగానే అర లీటరు పైగా రక్తం కాళ్లలోకి, పొట్ట కింది భాగంలోకి జారుతుంది. మెడలోని పెద్ద ధమనుల దగ్గర ఒత్తిడిని కనిపెట్టే నరాలు అది పసిగట్టి మెదడుకు చెబితే, అక్కడి నుంచి సింపథెటిక్ నరాల (మన ప్రమేయం లేకుండా తమంతట తామే పనిచేసే నరాలు) ద్వారా బిగించమని కబురు వస్తుంది. ఈ నరం ప్లగ్గులో వైరులా ఒకచోట ఆగదు, రక్తనాళం పైపొర మీద పూసల దండలా పాకుతుంది, ఒక్కో పూసలో రసాయనాల సంచులుంటాయి. అందులో ముఖ్యమైనది నార్‌అడ్రినలిన్. సింపథెటిక్ నరాలు వాడేది దీన్నేనని 1946లో స్వీడన్ శాస్త్రవేత్త వాన్ ఆయిలర్ తేల్చాడు. అది నాళం గోడలోని కండరం మీది ఆల్ఫా 1 రిసెప్టర్‌ను, అంటే కబురు అందుకునే చోటును, పట్టుకుంటే కణం లోపల దాచుకున్న కాల్షియం బయటపడి కండరం బిగుస్తుంది. నాళం వ్యాసార్థం ఐదోవంతు తగ్గితే చాలు, అదే ఒత్తిడికి పారే రక్తం దాదాపు 40 శాతానికి పడిపోతుంది, అందుకే చిన్న బిగింపుకే అంత ఫలితం.

ప్రోస్టేట్ కండరంలో ఉన్నవీ ఆల్ఫా 1 రిసెప్టర్లే. ప్రజోసిన్ రెండు చోట్లా అడ్డుపడుతుంది, అందుకే ప్రోస్టేట్ వదులవుతుంది, లేవగానే నాళాలు సరిగా బిగుసుకోక కళ్లూ తిరుగుతాయి.

ఇక నిలబడగలడా అన్నారు కదా, నాకు బాగా నచ్చిన విషయం అదే. ల్యాబ్‌లో జంతువు ధమని ముక్కను ద్రావణంలో పెట్టి, నరాన్ని కరెంటుతో రేపి, ప్రజోసిన్ పోసినా చాలా ధమనుల్లో మొదటి చిన్న బిగింపు పోదు! అది ఏటీపీ అనే మరో రసాయనం పని. అదే పూసల నుంచి నార్‌అడ్రినలిన్‌తో పాటు వచ్చి, కండరం మీది పీ2ఎక్స్1 అనే తలుపు తెరిచి బయటి కాల్షియాన్ని లోపలికి వదులుతుంది. క్షణాల్లో బిగించి తగ్గిపోతుంది. ఆ తర్వాత నార్‌అడ్రినలిన్ నిదానంగా అందుకుని పట్టు నిలుపుతుంది. నరం గట్టిగా, ఆపకుండా రేగితే మూడోది, న్యూరోపెప్టైడ్ వై కూడా వస్తుంది, అది చాలాసేపు ఉంటుంది, నార్‌అడ్రినలిన్ బలాన్నీ పెంచుతుంది. ఒక తలుపు మూసినా మిగతావి ఉన్నాయి, గుండె వేగం పెరగడం కూడా ఆదుకుంటుంది.

పటమట, మాది భీమవరం:
ఏటీపీ మాట వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. దాన్ని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనిపెట్టింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. కండరానికి శక్తినిచ్చే పదార్థంగానే చదువుకున్నాం, నరం కబురు మోసేదీ అదేనని ఈరోజే తెలిసింది.

ఫిజియాలజీ పీజీ, గుంటూరు:
నిజమేనండి, అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. ఏటీపీ నరాల రసాయనం కూడా అని బర్న్‌స్టాక్ అనే శాస్త్రవేత్త 1972లో అంటే చాలామంది నమ్మలేదు, శక్తి పదార్థాన్ని నరం బయట పారబోస్తుందా అని.

బ్రాడీపేట ఫార్మసిస్ట్:
అమ్మా, మాత్ర సొంతంగా ఆపొద్దు, బీపీ మాత్రలు కూడా వేసుకుంటుంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. మన ఎండాకాలంలో చర్మంలోని నాళాలు ముందే వదులై ఉంటాయి, చెమటకు నీరూ పోతుంది, ఆ మీద ఈ మందు అంటే ఇంకాస్త జాగ్రత్త కావాలి. మళ్లీ మళ్లీ కళ్లు తిరిగితే టామ్సులోసిన్ లాంటిది, ప్రోస్టేట్ వైపు ఎక్కువగా పనిచేసేది, సరిపోతుందేమో అడగండి.

కృష్ణలంక అమ్మాయి:
అందరికీ చాలా థాంక్సండీ. బీపీ మాత్ర ఒకటి వేసుకుంటున్నారు, ఆ మాట చెప్పనే లేదు, సాయంత్రం ఫోన్ చేస్తాను. నిన్న రాత్రి మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, నా చెయ్యి పట్టుకుని లేచారు. కళ్లు తిరగలేదు.