నవంబరులో తిరుపతి–మదనపల్లె–చిత్తూరు సైకిల్ టూర్: ఒంటరిగా వెళ్లొచ్చా, కూడదా?

తిరుపతి_పెడల్:
నాలుగు రోజులు సెలవు దొరికింది. తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ ఎక్కి పీలేరు, మదనపల్లె. తర్వాత పుంగనూరు, పలమనేరు, మొగిలి ఘాట్ దిగి చిత్తూరు, మళ్లీ తిరుపతి. మొత్తం 300 కి.మీ. లోపే. ఒక్కడినే వెళ్దామని ఉంది. రూములు కూడా బుక్ చేశా. ఇంట్లో మాత్రం "వానల్లో తోడు లేకుండా వద్దు" అని పట్టుబట్టారు. మీరేమంటారు?

కాణిపాకం_రోడ్:
వద్దు తమ్ముడూ. 2021 నవంబరు గుర్తుంది కదా? స్వర్ణముఖి పొంగింది, తిరుమల ఘాట్ రోడ్లు మూసేశారు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి నెలలో ఒంటరిగా పోయి ఎక్కడో జారి పడితే లేపే దిక్కు ఎవరు? ఇద్దరు ముగ్గురుంటే ఒకరికొకరు చూసుకుంటారు. ఇంట్లోవాళ్లు చెప్పిందే కరెక్ట్.

పాకాల_సైక్లిస్ట్:
అన్నా, 2021 సంగతి నువ్వన్నది నిజమే. కానీ ఆ నీళ్లు ఒంటరివాడినీ, గుంపునీ వేరుచేసి చూడవు. నా మట్టుకు అసలు ప్రమాదం ఒంటరిగా పోవడంలో లేదు, తేదీలు బిగించుకోవడంలో ఉంది. రూము బుక్ అయింది, సెలవు అయిపోతోంది, ఈ రాత్రికి మదనపల్లె చేరాల్సిందే అనే టెన్షన్‌తోనే మనిషి పొంగే చప్టాలో (వాగు మీది లోతట్టు రోడ్డు) కాలు పెడతాడు. గుంపులో ఇది ఇంకా ఎక్కువ. ముందున్నవాడు దాటితే వెనకవాడికి ఆగాలంటే నామోషీ.

మన వైపు వాన తీరు తెలిసినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. వాన వెలిసిందంటే రోడ్డు బాగైనట్టు కాదు. పైన ఒక చెరువు నిండితే మరవ (అలుగు) పోయి కింది చెరువుకు చేరుతుంది, అదీ నిండితే దాని కిందిదానికి. మీకు నెత్తిన ఎండ కాస్తుంటుంది, ఎదురుగా చప్టా మీద మాత్రం ఎర్రనీళ్లు పారుతుంటాయి. పిక్కల లోతే కదా అనిపిస్తుంది. ఆ నీళ్ల కింద రోడ్డు అంచు కోసుకుపోయిందో లేదో పైనుంచి కనపడదు. సైకిల్ నడిపించుకుంటూ దిగితే చక్రాలకే నీటి తోపు తగిలి మనిషి తూలతాడు. అక్కడ చేయాల్సింది ఒక్కటే, వెనక్కి తిరిగి దగ్గరి ఊళ్లో ఆగడం. ఒంటరివాడు ఆ నిర్ణయం ఎవరినీ అడగకుండా తీసుకోగలడు. నేను ఒంటరిగా పోవడాన్ని సమర్థించేది అందుకే.

కాబట్టి తమ్ముడూ, ఆ రూములు క్యాన్సిల్ చెయ్. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే బయల్దేరనే వద్దు. మామూలు జల్లులైతే వెళ్లు, కానీ నాలుగు రోజుల దారికి ఆరు రోజుల సెలవు పెట్టు. దొరకకపోతే పీలేరు దాకా పోయి వచ్చేసెయ్.

పలమనేరు_పల్లె:
మా వైపు వానకంటే ఏనుగుల సంగతి ముందు చూసుకోవాలి సార్. కౌండిన్య అభయారణ్యం ఆనుకుని ఉన్న ఊళ్లు మావి. 2025లో అడవి ఏనుగులను తరిమే శిక్షణ ఉన్న కుంకీ ఏనుగులను కర్ణాటక నుంచి తెచ్చి ముసలిమడుగులో క్యాంపు పెట్టారంటే ఇక్కడి బాధ ఎంతో మీరే అర్థం చేసుకోండి. పొద్దుగూకాక చిన్న రోడ్లలో సైకిల్ వద్దు. మబ్బు పట్టిన రోజున ఐదింటికే చీకటి పడినట్టుంటుంది, గడియారం చూసి మోసపోవద్దు. దారిలో టీ అంగట్లో అడగండి, రాత్రి ఏ పక్క పొలాల్లో దిగాయో చెప్తారు.

హార్స్‌లీ_రైడర్:
ఆడవాళ్ల వైపు నుంచి ఒక మాట. నేను ఒంటరిగానే తొక్కుతాను, తోడు కోసం ఎదురుచూస్తే ఏ ఏడూ కదలలేం. అయితే పాకాల అన్న చెప్పినట్టు "దగ్గరి ఊళ్లో ఆగడం" మాకు అంత తేలిక కాదు. తెలియని ఊళ్లో లాడ్జి ఎలా ఉంటుందో ముందే కనుక్కోవాలి. అందుకే నేను రూములు మానను, క్యాన్సిల్ చేసుకునే వీలున్నవే తీసుకుంటాను. ఇంకోటి, మదనపల్లె తిరుపతికంటే 500 మీటర్ల పైనే ఎత్తు. తడిసిన బట్టలతో గాలి కొడితే వేళ్లు కొంకర్లు పోతాయి, బ్రేకు గట్టిగా పట్టలేం. పొడి చొక్కా ఒకటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకో.

కాణిపాకం_రోడ్:
అక్క చెప్పిన రూముల పద్ధతి బాగుంది. కానీ పడితే లేపేది ఎవరన్న నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

పాకాల_సైక్లిస్ట్:
అన్నా, దానికి పూర్తి జవాబు నా దగ్గరా లేదు. లొకేషన్ ఇంట్లోవాళ్లకు షేర్ చేయాలి, ఫోన్ తడవకుండా చూసుకోవాలి, 108, 112 ఉన్నాయి. ఘాట్‌లో సిగ్నల్ పోయే చోట మాత్రం ఒంటరివాడికి కష్టమే, ఒప్పుకుంటా. అందుకే తడి రోడ్డు మీద మొగిలి ఘాట్ దిగేటప్పుడు పందెం పెట్టినట్టు దిగకూడదు. చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకులైతే తడిలో చప్పున పట్టవు, ముందు రిమ్ మీది నీళ్లు తుడిచి ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. మలుపుకు చాలా ముందే నొక్కడం మొదలుపెట్టాలి. వెనక లారీలుంటాయి, ఎర్ర లైటు పగలు కూడా వెలగనీ.

తమ్ముడూ, ఈశాన్యపు గాలి నువ్వు మదనపల్లె వైపు పోయేటప్పుడు వీపున తోస్తుంది. చిత్తూరు నుంచి తిరుపతి వచ్చేటప్పుడు అదే ఎదురుగాలి. చివరి రోజుకు 70 కి.మీ. మాత్రమే మిగిలిందని లేటుగా బయల్దేరకు. మరీ ముసురు పట్టిందంటే చిత్తూరులో, పాకాలలో రైల్వే స్టేషన్లున్నాయి, సైకిల్ బుక్ చేసి ఎక్కెయ్.