కొలిమి దగ్గర కమ్మరి ఫోటో: ఫ్లాష్‌తో ఆ గాఢమైన వెలుగునీడలు ఎలా తేవాలి?

మానేరు_ఒడ్డు:

అందరికీ నమస్తే. మా ఊళ్లో ఇంకా కొలిమి రాజేసే ఇల్లు ఒక్కటే మిగిలింది. ఆ పెద్దాయనను చిన్నప్పటి నుంచి పెదనాన్నా అనే పిలుస్తాను. అరవై దాటినా ఆయన సమ్మెట ఎత్తితే ఆ భుజాలు చూడాలి. తొలకరికి ముందు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు నాగలి కర్రులు, గొడ్డళ్లు పట్టుకుని ఆయన దగ్గరికే వస్తారు. ఈ సీజన్‌లో ఆయనవి కొన్ని మంచి ఫోటోలు తీసి, ఒకటి పెద్దగా ప్రింట్ వేయించి ఆయనకే ఇవ్వాలని నా కోరిక. అడిగాను, సరే అన్నారు.

నా మనసులో ఉన్న ఫోటో ఏంటంటే, వెనకంతా నలుపు, ముఖంలో సగం వెలుగు సగం నీడ, చేతుల మీద చెమట మెరవాలి, ఎర్రగా కాలిన ఇనుము, దాని నుంచి లేచే నిప్పురవ్వలు కూడా కనిపించాలి. నా దగ్గర క్రాప్ సెన్సర్ కానన్, 18-55, 50 ఎంఎం 1.8 లెన్స్‌లు, ఒక గోడాక్స్ టీటీ600 ఫ్లాష్, దాన్ని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్, ఫ్లాష్ ముందు పెట్టే ఒక తెల్ల గొడుగు ఉన్నాయి. మొన్న ఆ కొట్టంలో మా తమ్ముడిని నిలబెట్టి ట్రయల్ వేశాను. కొట్టమంతా ట్యూబ్‌లైట్ వేసినట్టు వెలిగిపోయింది, వెనక నీలం గోడ, దానికి తగిలించిన ప్లాస్టిక్ సంచులు అన్నీ స్పష్టంగా ఉన్నాయి, కొలిమిలో నిప్పు మాత్రం ఆరిపోయినట్టు పడింది. లైట్‌రూమ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కాంట్రాస్ట్, క్లారిటీ స్లైడర్లు పెంచితే తల చుట్టూ తెల్లటి గీత వస్తోంది, చర్మం మట్టి పూసినట్టు అవుతోంది. పెదనాన్న ఫోటో అలా రాకూడదు. ఈ లుక్ అసలు ఫ్లాష్‌తో వచ్చేదా, ఎడిటింగ్‌తో వచ్చేదా? ఒక్క ఫ్లాష్ సరిపోతుందా?

వెలుగు_కొలత:

ఒక్క ఫ్లాష్ చాలు తమ్ముడూ. నిజానికి నీ దగ్గర రెండు లైట్లు ఉన్నాయి, కొలిమి రెండోది.

ముందు ఫ్లాష్ ఆపేసి మొదలుపెట్టు. మాన్యువల్ మోడ్, రా ఫైల్ (కెమెరా సొంతంగా దిద్దని ఫైల్), ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సర్ స్పందన) 100, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్ 5.6, షట్టర్ (తెరిచి ఉండే సమయం) 1/200 సెకను. పొద్దు వాలాక కొట్టం లోపల ఇది దాదాపు నల్లగా పడాలి. నువ్వు అడిగిన నలుపు అదే, అది ఎడిటింగ్‌లో చేసుకునేది కాదు. ఇక్కడి నుంచి షట్టర్ ఒక్కటే తగ్గిస్తూ రా, 1/125, 1/60, 1/30. బొగ్గులు మంచి నారింజ రంగులో కనబడుతూ, గోడ ఇంకా చీకట్లోనే ఉన్న చోట ఆగిపో. అపర్చర్, ఐఎస్‌ఓ మార్చితే ఫ్లాష్, నిప్పు రెండూ కలిసి మారతాయి కాబట్టి వాటిని మళ్లీ ముట్టుకోకు. షట్టర్ అలా కాదు. ఫ్లాష్ కన్ను మూసి తెరిచే లోపే అయిపోతుంది, షట్టర్ 1/125 ఉన్నా 1/30 ఉన్నా దాని వెలుగు అంతే పడుతుంది. నిప్పు వెలుగు మాత్రం షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ పోగవుతూనే ఉంటుంది. కాబట్టి నిప్పు ఎంత కనబడాలో షట్టర్‌తో చూసుకో, మనిషి మీద వెలుగు ఎంత పడాలో ఫ్లాష్ పవర్‌తో చూసుకో. ఈ రెండూ విడదీసుకోవడం చేతికి వస్తే సగం పని అయినట్టే. 1/200 దాటి మాత్రం వెళ్లకు, మామూలు సింక్‌లో (షట్టర్, ఫ్లాష్ కలిసి పనిచేసే పద్ధతిలో) ఫోటోలో ఒక పక్క నల్ల పట్టీ పడుతుంది.

ఇప్పుడు గొడుగు సంగతి. తెల్ల గొడుగు గుండా వెళ్లిన వెలుగు అన్ని దిక్కులకూ చిమ్ముతుంది, చిన్న గదిలో గోడలకు తగిలి మళ్లీ వెనక్కి వస్తుంది. నీ నీడలన్నీ దాంతోనే నిండిపోయాయి. గొడుగు ఇంట్లో పెట్టేసి ఫ్లాష్‌కి గ్రిడ్ (వెలుగు పక్కలకు చిమ్మకుండా ఆపే జాలీ) తగిలించు, లేదంటే నల్ల చార్ట్ పేపర్‌ని గొట్టంలా చుట్టి కట్టు. ఫ్లాష్‌ని మనిషికి దగ్గరగా, గోడకు దూరంగా జరుపు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది. ఫ్లాష్ నుంచి మనిషి 1 మీటరు, గోడ 3 మీటర్లు ఉంటే గోడ మీద పడేది తొమ్మిదో వంతు, అంటే మూడు స్టాప్‌ల కంటే కొంచెం ఎక్కువ తేడా (ఒక్కో స్టాప్‌కి వెలుగు సగం అవుతుంది). అదే ఫ్లాష్‌ని మనిషికి 2 మీటర్ల దూరం తీసుకెళ్తే గోడ 4 మీటర్లలో ఉంటుంది, తేడా రెండు స్టాప్‌లే, నీలం గోడ మళ్లీ బయటపడుతుంది. దగ్గరగా పెడితే పవర్ కూడా ఫుల్‌లో 1/16, 1/32 చాలు, పవర్ తగ్గిన కొద్దీ మెరుపు ఇంకా పొట్టిదై సమ్మెట దెబ్బ కదలకుండా పడుతుంది.

ఎక్కడ పెట్టాలంటే, కెమెరా పక్కన మాత్రం వద్దు. కొలిమి ఏ వైపు ఉందో ఆ వైపే, ఆయన భుజానికి కొంచెం వెనకగా పెట్టి ఆయన వైపు తిప్పు. చామనఛాయ, నలుపు ఒంటి మీద కండ తీరు, నరాలు కనబడేది వెలుగు జల్లడం వల్ల కాదు, చర్మం మీద మెరుపు జారడం వల్ల. చెమట ఉంటే ఇంకా మంచిది. పక్క నుంచి, వెనక నుంచి వచ్చే లైటే ఆ మెరుపు ఇస్తుంది. కొలిమి పొగ కూడా వెనక నుంచి లైటు పడితేనే తెల్లగా లేస్తుంది, ముందు నుంచి కొడితే అసలు కనిపించదు. లెన్స్‌లోకి ఫ్లాష్ నేరుగా రాకుండా మధ్యలో ఒక నల్ల అట్టముక్క అడ్డం పెట్టుకో.

కర్రు_పదును:

పై అన్న చెప్పింది బాగుంది, దానికి ఒక మాట కలపాలి. మా తాతది కొలిమే, నేను చిన్నప్పుడు నిప్పుకి గాలి ఊదే తిత్తి లాగినవాణ్ని.

ఆయన దెబ్బ వేసే క్షణంలో కళ్లలోకి ఫ్లాష్ పడకూడదు. ఇది ఫోటో విషయం కాదు, చేతుల విషయం. ఒక చేతిలో పటకారు, ఇంకో చేతిలో సుత్తి, ఎదురుగా ఇంకొకరు సమ్మెట వేస్తుంటారు, ఇద్దరి దెబ్బలూ ఒకదాని వెంట ఒకటి లయలో పడుతుంటాయి. చీకటి కొట్టంలో అరక్షణం కళ్లు బైర్లు కమ్మితే దెబ్బ దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మ) మీద కాకుండా ఎక్కడ పడుతుందో చెప్పలేం. ఫ్లాష్ ఆయన చూపు పడే వైపు లేకుండా పక్కకి, వెనక్కి పెట్టమన్నది అందుకు కూడా మంచిదే, కానీ ఎదురుగా సమ్మెట వేసేవాళ్ల కళ్లలోకి వెళ్తోందేమో కూడా చూసుకోండి. పని మొదలుపెట్టే ముందు ఖాళీ చేతులతో నిలబెట్టి నాలుగైదు సార్లు ఫ్లాష్ వెలిగించి చూపించండి, ఇబ్బందిగా ఉందేమో అడగండి. స్టాండ్‌కి ఇసుక మూట కట్టండి. నల్ల చార్ట్ పేపర్ గొట్టాన్ని నిప్పు దగ్గరికి తీసుకెళ్లొద్దు, రవ్వలు మనం అనుకున్న దానికంటే దూరం ఎగురుతాయి.

ఇంకోటి. ఇనుము ఎర్రగా ఉండేది కాసేపే. బయటికి తీసింది మొదలు రంగు దిగుతూ ఉంటుంది, ఆ కాసేపట్లోనే ఆయన పని చేసుకోవాలి. మీ సెట్టింగుల కోసం ఆయనని ఆపకండి, చల్లారిన ఇనుముతో ఫోజు పెట్టించకండి, అది కమ్మరి కన్నుకి వెంటనే తెలిసిపోతుంది. అన్నీ ముందే మీ తమ్ముడితో సరిచూసుకుని, ఆయన పనిలోకి దిగాక మీరు ఆయన లయ పట్టుకోండి.

అంతా నల్లగా ముంచేయడం మాత్రం నాకు ఇష్టం లేదు. దాగలి, పటకార్లు, నీళ్ల తొట్టి, గోడకు చేరగిలేసిన కర్రులు, ఇవి లేకపోతే ఆయన ఎవరో ఫోటోకి తెలియదు. జిమ్‌లో తీసిన బాడీబిల్డర్ ఫోటోకీ దీనికీ తేడా ఏముంటుంది?

వెలుగు_కొలత:

ఒప్పుకుంటాను. పూర్తి నలుపు అక్కర్లేదు. షట్టర్ 1/30 దగ్గర పెడితే నిప్పు వెలుగే దాగలి మీద, దగ్గరి పనిముట్ల అంచుల మీద పడుతుంది, అవి కనీకనబడకుండా ఉండిపోతాయి. రవ్వలు కూడా చుక్కల్లా కాకుండా గీతల్లా సాగుతాయి. ఆయన ఒంటి మీద ఫ్లాష్ లేని వెలుగు చాలా తక్కువ కాబట్టి ఆయన పెద్దగా అలుక్కుపోడు.

ఇంగ్లండ్ చిత్రకారుడు జోసెఫ్ రైట్ 1772లో వేసిన ఇనుప కొలిమి బొమ్మ ఒకటి ఉంది, లండన్ టేట్ మ్యూజియం వాళ్ల దగ్గర. నెట్‌లో వెతికి పెద్దదిగా చూడు. వెలుగంతా ఆ కాలిన ఇనుప ముద్ద నుంచే వస్తుంది, చుట్టూ మనుషుల ముఖాలు, కొట్టం దూలాలు దాని దూరాన్ని బట్టి వెలిగి ఆరుతుంటాయి. ఫ్లాష్ పెట్టేటప్పుడు నీకు నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న అదే: ఈ వెలుగు నిప్పు నుంచి వచ్చిందంటే చూసేవాడు నమ్ముతాడా?

నమ్మాలంటే రంగు కూడా కలవాలి. ఫ్లాష్ సుమారు 5,500 కెల్విన్ (వెలుగు రంగు కొలత), తెల్లగా ఉంటుంది, పక్కన నిప్పేమో బాగా నారింజ. రెండూ ఒకే ముఖం మీద పడితే అతికినట్టు ఉంటుంది. ఫ్లాష్ ముందు సీటీఓ జెల్ ముక్క, అంటే వెలుగుని నారింజ చేసే పారదర్శక రంగు కాగితం పెట్టు, అది ఫుల్, హాఫ్ గాఢతల్లో ఉంటుంది. ఫుల్ పెడితే అంతా ఒకే రంగులో మునుగుతుంది, అందుకే నాకు హాఫ్ ఇష్టం, మనిషి వెచ్చగా, నిప్పు ఇంకా ఎర్రగా ఉంటాయి. వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగుని తెలుపుగా చూపాలో చెప్పే సెట్టింగ్) ఆటోలో వదలకు, డేలైట్ దగ్గర కట్టేసెయ్.

నీడ_పిచ్చి:

ఎడిటింగ్ గురించి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తాను. పై ఇద్దరూ చెప్పినట్టు తీస్తే ఎడిటింగ్‌కి మిగిలేది ఎక్కువ కాదు, కానీ ఆ మిగిలిన దాంట్లోనే ఫోటో నిలబడుతుంది.

మొదట తీసేటప్పుడే ఒకటి చూసుకోండి. నిప్పు ఫోటోల్లో ఎరుపు ఛానెల్ (ఫోటోలోని ఎరుపు భాగం) అన్నిటికంటే ముందు తెగిపోతుంది, అంటే వివరం పోతుంది. మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) బాగానే ఉందనిపిస్తుంది, కెమెరాలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెడితే అసలు సంగతి బయటపడుతుంది. ఇనుము నడిమధ్య తెల్లబడితే పర్వాలేదు, నిజంగానే అంత కాలి ఉంటుంది, కానీ మంట మొత్తం పసుపు ముద్దలా మారితే ఏ స్లైడరూ తిరిగి తేలేదు.

తల చుట్టూ తెల్ల గీత ఎందుకు వస్తుందంటే, క్లారిటీ చేసే పనే అంచుల దగ్గర చీకటి పక్కని ఇంకా చీకటి, వెలుగు పక్కని ఇంకా వెలుగు చేయడం. నల్ల గోడ ముందు వెలిగిన తల ఉంటే ఆ అంచు దగ్గర అది పట్టపగ్గాల్లేకుండా పని చేస్తుంది. కాబట్టి ఫోటో మొత్తానికి క్లారిటీ సున్నాలో పెట్టండి. మాస్క్ గీసుకుని (మార్పు పడాల్సిన చోటు మాత్రం ఎంచుకుని) ఇనుము, దాగలి, ముంజేతులు, వీటి మీద మాత్రం 15, 20 ఇవ్వండి, అంచుకి కాస్త లోపలే ఆగండి. ముఖానికి క్లారిటీ వద్దు, ముడతలు కనబడాలంటే టెక్స్చర్ స్లైడర్ కొంచెం చాలు. మసక తీసేసే డీహేజ్ స్లైడర్ జోలికి వెళ్లొద్దు, మీరు కష్టపడి వెనక నుంచి లైటు కొట్టి తెచ్చిన పొగని అది తినేస్తుంది.

కాంట్రాస్ట్‌కి టోన్ కర్వ్ (వెలుగునీడల్ని విడివిడిగా దిద్దే గీత) వాడండి, కానీ మామూలు కర్వ్ కాంట్రాస్ట్‌తో పాటు రంగు గాఢత కూడా పెంచుతుంది, నారింజ వెలుగు పడ్డ చర్మం ఇటుక రంగుకి తిరుగుతుంది. ఫోటోషాప్‌లో అయితే ఆ కర్వ్ లేయర్‌ని లూమినాసిటీ మోడ్‌లో పెడితే రంగు కదలదు. లైట్‌రూమ్‌లోనే చేస్తే కర్వ్ తర్వాత నారింజ శాచురేషన్ కాస్త దించండి.

ఆ తర్వాత డాడ్జ్ అండ్ బర్న్, అంటే కావాల్సిన చోట్ల బ్రష్‌తో వెలుగు పెంచడం, తగ్గించడం. నేను ఎక్కువసేపు కూర్చునేది దీని దగ్గరే. కొత్త లేయర్, 50 శాతం బూడిద రంగు నింపి సాఫ్ట్ లైట్ మోడ్, మెత్తటి బ్రష్, ఫ్లో (ఒక్కో రుద్దుకి పడే రంగు) 3 నుంచి 5 శాతం. ఇప్పటికే వెలుగు ఉన్న చోట, అంటే చెంప ఎముక, ముంజేతి నరం, సుత్తి పిడి మీద వేళ్ల కణుపులు, అక్కడ తెలుపుతో మెల్లగా రుద్దండి. కళ్లని లాగేస్తున్న సంచులు, చొక్కా ముడతల్ని నలుపుతో వెనక్కి నెట్టండి. లేని చోట వెలుగు పుట్టించకండి, ఉన్న వెలుగుని బలపరచండి. డబ్బులు పెట్టలేకపోతే ఉచితంగా దొరికే గింప్‌లో కూడా ఇదంతా జరుగుతుంది, రా ఫైల్‌కి అలాంటిదే డార్క్‌టేబుల్ ఉంది.

ఇంకో మాట గట్టిగా చెప్తాను. ఊరి మనుషుల ఫోటో అనగానే ముడతలు చెక్కినట్టు, చర్మం బొగ్గులా చేసేసే ఎడిటింగ్ చాలా చూస్తున్నాం. దాంట్లో మనిషి ఉండడు, ఎఫెక్ట్ ఉంటుంది. నలుపు చర్మంలో ఎరుపు, గోధుమ, నీలం ఛాయలు ఎన్ని ఉంటాయో చూడండి, వాటిని బూడిద చేయకండి, అలాగని తెల్లగానూ చేయకండి.

పల్లె_ఫోన్:

ఫోన్‌లో తీసేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి. స్నాప్‌సీడ్ ఎడిటింగ్ యాప్‌లో డ్రామా ఫిల్టర్ ఒక్క నొక్కుతో ఈ లుక్ ఇస్తుందనిపిస్తుంది కానీ ఫోటో మొత్తానికి ఒకేలా పడుతుంది, ఆకాశం మీద బాగుంటుంది, ముఖం మీద బాగోదు. ఫోన్ ఫ్లాష్ ఆపేసి, ఒక మనిషి చేత చిన్న ఎల్‌ఈడీ లైటో టార్చో పక్క నుంచి పట్టించి, తెర మీద మంట దగ్గర నొక్కి ఎక్స్‌పోజర్ కిందికి లాగండి. నీడలు అక్కడే వచ్చేస్తాయి. సెలెక్టివ్ టూల్‌తో ముఖం కొంచెం లేపితే చాలు.

మానేరు_ఒడ్డు:

అందరికీ చాలా థాంక్స్ అన్నా. కళ్లలోకి ఫ్లాష్ పడే సంగతి నేను ఆలోచించనే లేదు, ముందు రోజే పెదనాన్నకి, సమ్మెట వేసే వాళ్లబ్బాయికి ఇద్దరికీ వెలిగించి చూపిస్తాను. ఇంకా రెండు అడగాలి. ఇది బ్లాక్ అండ్ వైట్ చేస్తే ఇంకా బరువుగా ఉంటుందా? ప్రింట్ 12x18 అంగుళాలు అనుకుంటున్నా, తెర మీద కనబడే నలుపు ప్రింట్‌లో అలాగే వస్తుందా?

నీడ_పిచ్చి:

బ్లాక్ అండ్ వైట్‌లో చర్మం, నిప్పు రెండూ నారింజ స్లైడర్ కిందికే వస్తాయి. అది దించితే కండలు చెక్కినట్టు వస్తాయి, కానీ నిప్పు కూడా మసకబారుతుంది. ఇనుము ఎరుపే ఈ ఫోటోకి ప్రాణం కాబట్టి పెద్ద ప్రింట్‌కి రంగులోనే ఉంచండి. సమ్మెట పక్కన పెట్టి ఆయన ఊరికే కూర్చున్న ఫోటో ఒకటి తీస్తే దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేయండి, అక్కడ నిప్పుతో పని లేదు.

ప్రింట్ తెర కంటే చీకటిగానే వస్తుంది, కాగితానికి సొంత వెలుగు ఉండదు. మానిటర్ బ్రైట్‌నెస్ సగానికి దించి అప్పుడు ఎడిట్ చేయండి. దాగలి, కర్రులు ఉన్న ఆ మసక భాగాన్ని తెర మీద మీకు నచ్చిన దానికంటే కొంచెం పైకి లేపి ఉంచండి, లేకపోతే కాగితం మీద అవే ముందు మాయమవుతాయి. ఫైల్ ఎస్‌ఆర్‌జీబీ కలర్ ప్రొఫైల్‌లో ఇవ్వండి, ల్యాబ్ వాళ్లకి ఆటో కరెక్షన్ వేయొద్దని గట్టిగా చెప్పండి, చీకటి ఫోటో కనబడగానే ఆ మెషీన్ దాన్ని వెలిగించేస్తుంది. ముందు 4x6 సైజులో ఒక టెస్ట్ ప్రింట్ తీయించుకుని, ఆయన ఇంట్లో ఏ గోడకి పెడతారో ఆ గోడ దగ్గరే, అక్కడి లైట్‌లో పట్టుకుని చూడండి. మ్యాట్ కాగితం తీసుకోండి, గ్లాసీ అయితే వాకిట్లోంచి వచ్చే వెలుగు ఆ నలుపులో ప్రతిబింబిస్తుంది.