కంప్రెసర్ నడుస్తోంది, కూలింగ్ లేదు. ఆపి వేస్తే మళ్లీ పనిచేస్తోంది!

మంచుముద్ద:
నెల క్రితం ఫ్రిజ్‌కి గ్యాస్ పట్టించాను, ఆర్134ఎ. స్విచ్ వేస్తే రెండు మూడు గంటలు బ్రహ్మాండంగా చల్లబడుతుంది. తర్వాత కంప్రెసర్ నడుస్తున్నా కూలింగ్ ఉండదు. రాత్రంతా ఆపి పొద్దున వేస్తే మళ్లీ మామూలే. గ్యాస్ లీకా?

పాతపానా:
లీకైన గ్యాస్ తెల్లారేసరికి తిరిగి రాదు కదండీ! నాకు తేమ మీద అనుమానం. కూలింగ్ ఆగినప్పుడు వెనక కండెన్సర్ (వేడి బయటికి వదిలే గొట్టాల జాలీ) మీద చెయ్యి వేసి చూడండి.

మంచుముద్ద:
చూశాను. మొదట బాగా వేడిగా ఉండేది, ఇప్పుడు గోరువెచ్చగా కూడా లేదు. ఫ్రీజర్లో వినిపించే బుస్ శబ్దం కూడా ఆగిపోయింది. తేమకీ దీనికీ ఏంటి సంబంధం?

కార్నోశిష్యుడు:
ఆర్134ఎ మామూలు వాతావరణ పీడనంలో దాదాపు -26 డిగ్రీలకే మరుగుతుంది. కంప్రెసర్ ఆవిరిని నొక్కితే వేడెక్కుతుంది, కండెన్సర్లో ఆ వేడి వదిలేసి ద్రవమవుతుంది. ఆ ద్రవం కేపిలరీ గొట్టంలోంచి వచ్చేసరికి ప్రెషర్ పడిపోతుంది, ఎవాపరేటర్లో, అంటే ఫ్రీజర్‌ని చల్లబరిచే గొట్టాల్లో, మరుగుతూ లోపలి వేడిని లాగేస్తుంది. కేపిలరీ రంధ్రం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, దాని చివర సున్నాకి చాలా కింద ఉంటుంది. లోపల చుక్క నీరున్నా అక్కడే గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఇక కండెన్సర్‌కి వేడి తెచ్చేదెవరు? ఆపితే మంచు కరుగుతుంది, దారి తెరుచుకుంటుంది.
250, 320 కెల్విన్‌ల మధ్య కార్నో లెక్క (సిద్ధాంతపరంగా గరిష్ఠ పరిమితి) వేస్తే సీఓపీ, అంటే ఖర్చుపెట్టిన శక్తికి ఎన్ని రెట్ల వేడి లోపలినుంచి లాగుతుందో అది, 3.57. నిజం ఫ్రిజ్‌లో అందులో సగం వచ్చినా మంచిదే. మీది ప్రస్తుతం సున్నా :)

పాతపానా:
కూలింగ్ ఆగినప్పుడు కేపిలరీ ఎవాపరేటర్లో కలిసే చోట వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ చుట్టండి. బుస్‌మని మొదలైతే తేమే. మంట మాత్రం వద్దు. ఆర్600ఎ ఫ్రిజ్‌లైతే మరీ ప్రమాదం, అది మండే గ్యాస్.
కొత్తలో నేనూ వాక్యూమ్ పెట్టకుండా, అంటే ముందు పంపుతో లైన్లోని గాలీ తేమా లాగేయకుండా, గ్యాస్ నింపేవాణ్ణి. ఒకే ఫ్రిజ్ మూడుసార్లు తిరిగొచ్చాక బుద్ధొచ్చింది. ప్రెషర్ 30 మిల్లీబార్లకి దించితే 25 డిగ్రీల దగ్గరే నీళ్లు మరిగి ఆవిరైపోతాయి, పంపు లాగేస్తుంది. లైన్లో తేమ పీల్చే ఫిల్టర్ డ్రయర్ కూడా మార్పించండి, పాతది తేమతో నిండిపోయి ఉంటుంది.

మంచుముద్ద:
గుడ్డ చుట్టిన రెండు నిమిషాలకి బుస్‌మంది! మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "ఆ రోజు పంపు తేలేదు సార్, గ్యాస్‌తోనే లైను కడిగేశా" అన్నాడు.